బోరు చూసి మోటారు... ఇంజిన్ చూసి టర్బో!

కొత్త కారు కొనడం ఒక ముచ్చట. కొన్న కారును విప్పించి, మార్పించి, కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ బలం రప్పించడం మరో ముచ్చట. ఒకప్పుడు మహానగరాల కుర్రకారుకే పరిమితమైన ఈ సరదా, టర్బో ఇంజిన్లతో పాటు పల్లె రోడ్లమీదికీ వచ్చేసింది. ఇంతకీ ఆ అదనపు బలం ఎక్కణ్నుంచి వస్తుంది? దాని ఖరీదెంత?

నల్లమాడ... కదిరి, పుట్టపర్తి ప్రాంతాల నడుమ ఉన్న మండల కేంద్రం. చుట్టూ ఎర్రనేలలు, రాళ్ల గుట్టలు, వానను నమ్ముకున్న వేరుసెనగ చేలు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా అనంతపురానికి ఉన్న పేరు ఇక్కడి వారికి పాఠం కాదు, అనుభవం. అందుకే ఈ సీమ రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరులో నీళ్లు తగ్గాయని ఐదు హార్స్‌పవర్ల మోటారు పైకి తీసి ఏడున్నరది దించితే ఏమవుతుంది? మొదట్లో పైపు నిండా నీళ్లు వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. కొన్నాళ్లకు నీళ్లకు బదులు గాలి కక్కుతుంది. ఆపైన మోటారు కాలిపోతుంది. మోటారు నీళ్లను పుట్టించదు, ఉన్నవాటిని తోడుతుందంతే!

కారు ఇంజిన్‌కూ అచ్చంగా ఇదే సూత్రం. టర్బో కారును ‘ఇంకొంచెం పెంచుదాం’ అనుకునే ప్రతి ఒక్కరూ ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

గుట్టల నడుమ టర్బోలు

టర్బో అనగానే ఏ జర్మనీ కారో, జపాన్ కారో కళ్ల ముందు మెదులుతుంది. కానీ ఇప్పుడు అది సాక్షాత్తూ కరవు సీమలోనే తయారవుతోంది. 2017 ఏప్రిల్‌లో దక్షిణ కొరియా కంపెనీ కియా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. విజయనగర రాజులకు రెండో రాజధానిగా వెలిగిన పెనుకొండకు దగ్గర్లో, ఎర్రమంచి వద్ద ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం లేచింది. హంద్రీ-నీవా కాలువల ద్వారా కృష్ణా నీళ్లు చేరే గొల్లపల్లి జలాశయం దానికి నీటి ఆధారం. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. 2023 జులై నాటికి అక్కడ తయారైన వాహనాల సంఖ్య పది లక్షలకు చేరింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అటు పెనుకొండ, ఇటు నల్లమాడ రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకే వచ్చాయి. అంటే, టర్బో కారు ఇప్పుడు సొంత జిల్లా సరుకే!

ఆ తొలి సెల్టోస్‌లోనే 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్ రకం ఉంది. దాని శక్తి 140 పీఎస్ (పీఎస్ అంటే ఇంచుమించు ఒక హార్స్‌పవరే). 2023లో దాని స్థానంలో 1.5 లీటర్ల టర్బో వచ్చింది. ఇక్కడే ఒక తమాషా చూడాలి. అదే సెల్టోస్‌లో టర్బో లేని 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్ 115 పీఎస్‌ల శక్తినీ, 144 న్యూటన్‌మీటర్ల టార్కునూ ఇస్తుంది. టర్బో ఉన్నది 160 పీఎస్‌లు, 253 న్యూటన్‌మీటర్లు! సైజు అంతే. కానీ బండిని ముందుకు నెట్టే బలం రెట్టింపుకు కాస్తే తక్కువ. ఎలా?

తన పొగే తన తిత్తి

పాత ఊళ్లలో కమ్మరి కొలిమి చూసినవారికి టర్బో సులువుగా అర్థమవుతుంది. బొగ్గులు ఎన్ని పోసినా నిప్పు రాజుకోవాలంటే తిత్తి ఊదాలి. గాలి ఎంత ఎక్కువ అందితే మంట అంత జోరు. ఇంజిన్‌లోనూ అంతే. పెట్రోలు ఎంతైనా పోయొచ్చు, అది మండటానికి సరిపడా గాలి ఉండాలిగా! మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగినంత గాలితోనే సరిపెట్టుకుంటుంది. టర్బో ఉన్న ఇంజిన్‌కు తిత్తి ఉంటుంది.

మరి తిత్తిని ఎవరు ఊదాలి? అందులోనే ఉంది గమ్మత్తు. కారులో పోసిన పెట్రోలు శక్తిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ గుండా వేడి పొగగా వృథా అవుతుంది. ఆ పొగ బయటికి పోయే దారిలో ఒక చిన్న చక్రం పెడతారు. పొగ వేగానికి అది తిరుగుతుంది. దాని ఇరుసుకు అటు చివర మరో చక్రం. అది బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజిన్‌లోకి పంపుతుంది. అంటే, తన పొగతో తన తిత్తిని తానే ఊదుకునే కొలిమి అన్నమాట. ఈ ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నారు.

వినడానికి తేలికే. కానీ అరచేతిలో పట్టే ఆ చక్రం నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల సార్లు కూడా తిరుగుతుంది. ఒకవైపు పెట్రోలు పొగ వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. రెండోవైపు మామూలు గాలి. మధ్యలో ఇరుసును కాపాడేది పలుచని ఇంజిన్ ఆయిల్ పొర మాత్రమే. అందుకే టర్బో కారుకు ఆయిలే ప్రాణం. సర్వీసింగ్ ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకోవడం మామూలు ఇంజిన్‌కు చెడ్డ అలవాటు, టర్బోకు ప్రాణగండం.

నీళ్ల సీసా మరిచిపోతే...

టర్బో కార్లు అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వైర్ మోంజా స్పైడర్ అనే రెండింటిని ఆ ఏడాదే తెచ్చింది. జెట్‌ఫైర్‌లో ఒక సమస్య ఎదురైంది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. వేడి గాలిలో పెట్రోలు సమయానికి ముందే ఎక్కడికక్కడ పేలిపోతుంది. దీన్నే మెకానిక్కులు ‘నాకింగ్’ అంటారు. సిలిండర్‌లో మంట క్రమంగా పాకాల్సింది పోయి ఒక్కసారిగా పేలితే పిస్టన్ మీద సుత్తి దెబ్బ పడినట్టే. దీన్ని ఆపడానికి ఇంజినీర్లు ఒక ఉపాయం చేశారు. నీళ్లూ, మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఒక తొట్టిలో పెట్టి, గాలితో పాటు చిలకరించారు. అది అయిపోయినప్పుడల్లా యజమాని నింపుకోవాలి.

కొన్నవాళ్లు ఆ పని చేశారా? చాలామంది చేయలేదు! తొట్టి ఖాళీ అయితే కారు తన జోరు తానే తగ్గించుకునేది. ‘ఇదేం కారు’ అని జనం విసుక్కున్నారు. 1963తో ఆ కారు కథ ముగిసింది. తర్వాత చాలా కార్లలోంచి టర్బోను పీకేసి, మామూలు ఇంజిన్‌గా మార్చి ఇచ్చారు. యంత్రం ఎంత తెలివైనదైనా యజమాని ఓపికను మించి నడవదని అప్పుడే తేలిపోయింది.

ఆ తొట్టి చేసిన పనిని నేడు ఇంటర్‌కూలర్, కంప్యూటర్ చేస్తున్నాయి. టర్బో నుంచి వచ్చిన వేడి గాలిని రేడియేటర్ లాంటి ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది. ఎంత గాలి, ఎంత పెట్రోలు, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ క్షణక్షణం లెక్కగడుతుంది. నాకింగ్ మొదలైతే చెవిలాంటి సెన్సర్ పసిగట్టి జోరు తగ్గిస్తుంది.

ల్యాప్‌టాప్‌తో లాగే బలం

ఔత్సాహికుల ఆట మొదలయ్యేది సరిగ్గా ఈ కంప్యూటర్ దగ్గరే. మామూలు ఇంజిన్ బలం పెంచాలంటే సిలిండర్లు తొలవాలి, క్యామ్‌లు మార్చాలి. టర్బో కారుకు అదేమీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ తగిలించి, టర్బో ఒత్తిడిని కొంచెం పెంచమని ఈసీయూకు చెబితే చాలు. స్పానర్ పట్టకుండానే 20 నుంచి 30 శాతం దాకా బలం పెరగొచ్చు. దీన్నే ‘రీమ్యాప్’ లేదా ‘స్టేజ్ 1’ అంటారు. పొగ గొట్టం, ఇంటర్‌కూలర్ కూడా మారిస్తే ‘స్టేజ్ 2’. టర్బోనే పెద్దది వేస్తే ‘స్టేజ్ 3’. ఖర్చు వేలల్లో మొదలై లక్షల్లోకి వెళుతుంది. బెంగళూరు, కోయంబత్తూరు, పుణె, కొచ్చి లాంటి నగరాల్లో ఇదే పనిగా పెట్టుకున్న షాపులున్నాయి.

మన దేశంలో ఈ పిచ్చికి బీజం వేసింది 2004లో వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో, 150 పీఎస్‌ల శక్తి. ఆ రోజుల్లో అది పెద్ద మాట. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చాక మధ్యతరగతికీ ఆ రుచి తెలిసింది. 1.2 లీటర్ల ఇంజిన్, 105 పీఎస్‌లు. చిన్న కారు, చిచ్చరపిడుగు! 2022లో పోలో తయారీ మన దగ్గర ఆగిపోయినా, వాడిన బండ్ల కోసం వెతికేవాళ్లకు కొదవ లేదు. 2025 మేలో దిగుమతైన గోల్ఫ్ జీటీఐ ధర 50 లక్షల రూపాయలు దాటింది. అంత పెట్టలేని వారికి పాత పోలో, ఒక రీమ్యాప్... ఇదే అందుబాటు స్వర్గం.

మరి ఇంత తేలిగ్గా బలం పెరిగేటప్పుడు, కంపెనీయే ఆ పని ఎందుకు చేయలేదు? తెలివి లేకనా? కాదు. కంపెనీ అమ్మేది ఒక్క కారు కాదు, లక్షల కార్లు. అందులో ఒకటి సిమ్లా మంచులో తిరుగుతుంది. మరొకటి మే నెలలో కదిరి ఎండలో ఏసీ వేసుకుని, ఆరుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుంది. ఒకరు మంచి పెట్రోలు పోయిస్తారు, ఒకరు దొరికింది పోయిస్తారు. ఒకరు సమయానికి ఆయిల్ మారుస్తారు, ఒకరు మరిచిపోతారు. వీళ్లందరి చేతుల్లోనూ ఇంజిన్ బతకాలి. అందుకే కొంత బలాన్ని మిగులుగా దాచి ఉంచుతారు. రీమ్యాప్ కొత్త బలాన్ని పుట్టించదు. ఆ మిగులును తోడుతుంది. బోరులో పెద్ద మోటారు దించినట్టే!

తోడేది ఒక్క ఇంజిన్ మిగులునే కాదు. పోలో జీటీ టీఎస్ఐలో వాడిన ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు 250 న్యూటన్‌మీటర్ల టార్కు వరకు తట్టుకునేలా రూపొందింది. కంపెనీ ఇంజిన్ ఇచ్చేది 175. మధ్యలో ఉన్న ఖాళీయే గేర్‌బాక్సు ఆయుష్షు. ఆ ఖాళీ తగ్గినకొద్దీ క్లచ్ మీద భారం పెరుగుతుంది. అది పోతే అయ్యే ఖర్చు ముందు రీమ్యాప్ ఖర్చు చిల్లర డబ్బే.

ఎండ, దుమ్ము, పెట్రోలు

నల్లమాడ లాంటి చోట ఈ లెక్క ఇంకా కఠినం. చలి దేశాల వాళ్లు 15 డిగ్రీల గాలిలో పరీక్షించి ఇచ్చే అంకెలు ఇక్కడ పనికిరావు. 45 డిగ్రీల ఎండలో అంతే పరిమాణం గాలిలో ఉండే ప్రాణవాయువు దాదాపు పదో వంతు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. తిరిగినకొద్దీ గాలి ఇంకా వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ చల్లబరుద్దామన్నా బయటి గాలే సెగలా ఉంటుంది. నాకింగ్ భయంతో కంప్యూటర్ జోరు తగ్గించేస్తుంది. డబ్బు పోసి కొన్న బలం మధ్యాహ్నం పూట మాయమవుతుందన్నమాట!

ఇక దుమ్ము. గాలి బాగా ఆడుతుందని కంపెనీ ఫిల్టర్ డబ్బా తీసేసి, శంఖం ఆకారంలోని తెరిచిన ఫిల్టర్లు బిగించడం ఔత్సాహికుల్లో మామూలే. ‘ఉష్’మనే ఆ చప్పుడు కుర్రాళ్లకు సంగీతం. కానీ మెటల్ రోడ్డు మీద ముందు పోయే ట్రాక్టర్ లేపే ఎర్రదుమ్ము సంగతేమిటి? నిమిషానికి లక్షసార్లు తిరిగే చక్రానికి సన్నని ఇసుక రేణువు కూడా ఆకురాయితో సమానం. నాసిరకం ఫిల్టర్ వేస్తే ఆ రెక్కలు, సిలిండర్ గోడలు మెల్లగా అరిగిపోతాయి. ఈ నేలకు కంపెనీ ఇచ్చిన డబ్బా ఫిల్టరే మేలు. కాకపోతే చెప్పిన గడువుకన్నా ముందే మార్చుకోవాలి.

మూడోది పెట్రోలు. నాకింగ్‌ను ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకెను ఆక్టేన్ అంటారు. ఐరోపాలో 98 ఆక్టేన్ పెట్రోలు తేలిగ్గా దొరుకుతుంది. మన దగ్గర చాలాకాలం మామూలు పెట్రోలు 91. ఇథనాల్ 20 శాతం కలిపిన ఈ20 రాకతో అది 95 దాకా పెరిగింది. 2020 చివర్లో వచ్చిన 100 ఆక్టేన్ పెట్రోలు ఎంపిక చేసిన నగరాల బంకుల్లోనే మొదలైంది. బెంగళూరులో ఖరీదైన పెట్రోలు పోసి చేయించుకున్న రీమ్యాప్, ఊరి బంకులో మామూలు పెట్రోలు పోయించుకున్న రోజున అక్కరకు రాదు. పైగా ఇథనాల్‌లో పెట్రోలుకన్నా శక్తి తక్కువ, మండేందుకు కావాల్సిన పాళ్లు వేరు. ఈ20 రాకముందు చేయించిన రీమ్యాప్‌లను ఇప్పటి ఇంధనానికి సరిచూపించుకోక తప్పదు.

పరుగుకన్నా ఆపడం ముఖ్యం

ఇంజిన్ పాడైతే డబ్బుతో పోతుంది. డబ్బుతో పోనివీ ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారును 120కి పెంచితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. కానీ దాన్ని ఆపడానికి బ్రేకులు అణచాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. గంటకు 100 కిలోమీటర్ల మీదున్నప్పుడు కళ్లు చూసి కాలు కదిలేలోపు, ఆ ఒక్క సెకనులోనే బండి 28 మీటర్లు వెళ్లిపోతుంది. బ్రేకు పడేది ఆ తర్వాతే.

ఇప్పుడు మన రోడ్లు ఒకసారి తలచుకోండి. పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డే కళ్లం. మలుపు తిరగ్గానే ఎదురుగా గొర్రెల మంద. పొద్దుగూకితే లైట్లు లేని ఎద్దులబండి, బడి నుంచి సైకిళ్ల మీద వచ్చే పిల్లలు. ఈ రోడ్డుకు కావాల్సింది 200 హార్స్‌పవర్లా, నమ్మకమైన బ్రేకులా? పాతకాపులైన ఔత్సాహికులంతా ఒకటే మాట అంటారు. ముందు మంచి టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత సస్పెన్షన్... బలం సంగతి చిట్టచివర. కొత్తవాళ్లు మాత్రం ఈ వరసను తిరగేస్తారు!

చట్టం ఏమంటోంది?

‘నా డబ్బు, నా కారు, నా ఇష్టం’ అంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవాటికి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. దివ్యాంగులు నడపడానికి వీలుగా మార్చుకోవడం, ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ల లాంటి వాటికి అనుమతి తీసుకునే దారి ఉంది.

స్టేజ్ 2 పేరుతో కెటలిటిక్ కన్వర్టర్‌ను పీకేయడం మరీ పెద్ద తప్పు. విషవాయువుల హాని తగ్గించేది అదే. దాన్ని తీసేస్తే కారు యజమానికి కాస్త బలం, వెనక వచ్చేవారందరికీ పొగ. ఇక వారంటీ, బీమా. మార్పు సంగతి తెలిస్తే కంపెనీ వారంటీ నిరాకరించొచ్చు. చెప్పకుండా చేసిన మార్పులు ప్రమాదం తర్వాత బయటపడితే బీమా క్లెయిమ్‌కూ చిక్కులు తప్పవు.

విప్పి నేర్చుకున్నవాళ్లు

అలాగని బండి మీది పిచ్చి అంతా చెడ్డదని కాదు. ఒక తరం తెలివితేటలు అక్కణ్నుంచే పుట్టాయి. కోయంబత్తూరు దగ్గరి కళంగల్‌లో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుకు చదువు ఒంటబట్టలేదు. ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిల్‌ను చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వరుగా చేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని మూడొందలకు కొన్నారు. తొక్కి తిరగడానికి కాదు, ఏ భాగానికి ఆ భాగం విప్పి చూడటానికి! ఆయనే తర్వాత 1920లో బస్సు నడిపారు, 1937లో మన దేశపు తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారీకి ఆద్యుడయ్యారు. 

అదే కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో చవకైన రేసు కారు తయారుచేశారు. ‘ఫార్ములా మారుతి’గా పేరొచ్చిన ఆ కార్లే ఎందరికో బడి అయ్యాయి. 2005లో భారత్ నుంచి తొలిసారి ఫార్ములా వన్‌లో పోటీపడిన నరైన్ కార్తికేయన్ కూడా ఆ బడి నుంచి వచ్చినవారే. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన కరివర్ధన్ పేరు మీదే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ రేసు ట్రాకు ఉంది. వేగం ముచ్చట తీర్చుకోవాలంటే ట్రాకులే దారి. ఎదురుగా బండి రాదు, గొర్రె అడ్డం పడదు. హెల్మెట్ ఉంటుంది, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఒక్క రోజు ట్రాకు మీద తిరిగితే బ్రేకులు ఎంత త్వరగా వేడెక్కుతాయో, తన నైపుణ్యం ఏపాటిదో ఎవరికి వారికే తెలిసిపోతుంది.

-----
టర్బో కారు ఉంటే...

* ఇంజిన్ ఆయిల్ కంపెనీ చెప్పిన రకమే వాడాలి. ఎండ, దుమ్ము ఎక్కువున్న చోట గడువుకన్నా ముందే మార్చడం మంచిది.
* స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ అదిమి తొక్కొద్దు. ఆయిల్ వేడెక్కే దాకా నెమ్మదిగా నడపాలి.
* హైవే మీద జోరుగా వచ్చి, ఆపగానే ఇంజిన్ కట్టేయొద్దు. ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది.
* నీలం పొగ, ఈలలాంటి కొత్త చప్పుడు, ఆయిల్ తగ్గిపోవడం... ఏది కనిపించినా మెకానిక్‌కు చూపించాలి.
* వాడిన టర్బో కారు కొనేటప్పుడు సర్వీసు రికార్డు మొత్తం అడగాలి. ఎప్పుడైనా రీమ్యాప్ చేసి, తిరిగి పాతదానికి మార్చారేమో తెలిసినవారితో చూపించుకోవాలి.
-----

ఇంట్లో ఒక మాట

నల్లమాడలో ఒక ఇంటి వాకిలి ఊహించుకోండి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు వాయిదాల మీద కొన్న టర్బో కారుతో పండక్కి వచ్చాడు. వేపచెట్టు కింద బండి ఆపి, రీమ్యాప్ గురించి ఉత్సాహంగా చెబుతున్నాడు.

“నలభై గుర్రాల బలం పెరుగుతుంది నాయనా!”

బోర్ల మీద సగం జీవితం పోగొట్టుకున్న ఆ తండ్రికి టర్బో అంటే తెలియకపోవచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆయనకే తెలుసు.

“పెరిగితే పెరిగిందిలే గానీ... అది యాడనుంచి వస్తాందో చూసుకున్యావా?”

సమాధానం తెలిసినవాడు మార్పించుకోవచ్చు, చట్టం ఒప్పుకున్నంత మేర, ట్రాకు మీద. తెలియనివాడికి మాత్రం కంపెనీ ఇచ్చిన బలమే చాలు. నిజానికి నల్లమాడ రోడ్డుకు అదే ఎక్కువ!